పొగ తగలని పట్టుముక్క

ఖమ్మం,
ఫిబ్రవరి 11

నాగూ,

నీ తేనె డబ్బా బస్సులో క్షేమంగా చేరింది. మూత చుట్టూ నువ్వు కట్టిన గుడ్డ కూడా తడవలేదు. ఆ మాట చెబుదామని నాలుగు రోజులు ఫోన్ చేశాను. మీ ఊట్లగుంపులో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలని నువ్వు చెప్పింది తర్వాత గుర్తొచ్చింది. ఇక ఇదే పద్ధతి పెట్టుకుందాం. ఖాళీ డబ్బా తిరిగి వచ్చినప్పుడల్లా అడుగున చూడు, నా ఉత్తరం ఉంటుంది. మణుగూరు బడిలో చీటీలు రాసుకున్నట్టే. టీచరమ్మ పట్టుకుంటే నేను ఏడ్చేదాన్ని, నువ్వు నవ్వేదానివి.

అబ్బాజాన్‌కి చూపు బాగా తగ్గింది. దినుసుల దుకాణం ఇప్పుడు పూర్తిగా నా చేతికొచ్చింది. ఆయన గల్లా పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లను గొంతు బట్టి పోల్చుకుంటారు. మన తేనెను ఆయన జాడీలోంచి గరిటెతో తీసి, జనం తెచ్చుకున్న సీసాల్లో పోసేవారు. ఇప్పుడు సీసా తెచ్చుకునేవాళ్లు ఎక్కడున్నారు? అందుకని నేను ఒక పని చేశాను. నీ డబ్బాలోని తేనెనే సగం గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాల్లో, సగం పలకల గాజు సీసాల్లో పోసి పక్కపక్కన పెట్టాను. ధర ఒకటే. వారం తిరిగేసరికి గాజు సీసాలన్నీ అయిపోయాయి. ప్లాస్టిక్‌వి రెండే కదిలాయి. ఒకాయనైతే రెండూ రుచి చూసి, "గాజుదాంట్ల చిక్కగున్నదమ్మా, ఇదే అసలుది" అన్నాడు.

అబ్బాజాన్ నవ్వారు. "సీసా మారితే తేనె మారుతదా బేటీ? మనుషుల దిమాక్ గట్లుంటది" అన్నారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు, ఉషారు పుట్టింది. మీ ఆయన ముత్యాలన్నకు సలాం చెప్పు. ఎండలు ముదరగానే ఎక్కువ పంపగలరేమో అడుగు.

నీ
నజియా


ఊట్లగుంపు,
ఫిబ్రవరి 20

నజియా,

ఉత్తరం పైకి చదివి వినిపించాను. ముత్యాలు గాజు సీసా సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఖమ్మమోళ్లకు నాలిక కండ్లల్ల ఉన్నదా ఏంది?" అన్నాడు. మా అత్త కొండమ్మకు ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తేనెను సొరకాయ బుర్రలోనే చూసింది.

ఇప్పపూలు రాలడం మొదలైతే తేనెపట్లు బరువెక్కుతాయి. అప్పుడు నీకు కావలసినంత. నువ్వు ఎప్పుడూ చూడలేదు కాబట్టి రాస్తున్నాను. పెద్ద తేనెటీగలు మద్దిచెట్టు పైకొమ్మలకు పట్టు పెడతాయి, మనిషి నిలువంత. ముత్యాలు తాడు పట్టుకుని ఎక్కుతాడు. కింద నిలబడి పొగ పెట్టడం నా పని. ఎండుగడ్డి మీద పచ్చి ఆకులు చుట్టి కట్ట కట్టి, అంటించి, వెదురు కొసకు తగిలించి పైకి అందిస్తాను. పొగ తగలగానే ఈగ పక్కకు తప్పుకుంటుంది. మా మామ బతికున్నప్పుడు కొడుక్కి చెప్పేవాడట. "ఈగ ఇంట్లకు పోయెటప్పుడు చెప్పి పోవాలె బిడ్డా. పొగనే మన మాట" అని. పట్టులో మూడో వంతు ఈగకు వదిలేసి దిగుతాడు. మొదటి ముక్క చెట్టు మొదట్లో పెట్టి మొక్కుతాం.

పెళ్లయి ఆరేళ్లయింది. ఆయన చెట్టు మీదున్నంతసేపు నా మెడ ఇప్పటికీ నొప్పి పుడుతుంది, పైకే చూస్తూ ఉంటాను కదా. దిగాక నా మెడ తనే రాస్తాడు. ఇది మాత్రం మీ నాన్నకు చదివి వినిపించకు.

నాగలక్ష్మి


ఖమ్మం,
ఏప్రిల్ 6

నాగూ,

ఒక వింత జరిగింది, వెంటనే నీకు రాయాలి.

మొన్న తేనె పోస్తుంటే ఒక సీసాలో చిన్న పట్టుముక్క జారి పడింది. వడకట్టడంలో తప్పించుకుని ఉంటుంది. తీసి మళ్లీ పోసే ఓపిక లేక, అది ఇంటికి పనికొస్తుందని పక్కన పెట్టాను. హేమలత అని ఒక టీచరు గారు వస్తుంటారు. ఆమె కన్ను దాని మీదే పడింది. సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "ఇదీ అడవి తేనె అంటే! ఇది నాకివ్వు" అంది. అన్నీ ఒకే డబ్బాలోవని చెప్పాను. "మరి వాటిల్ల ముక్క ఎందుకు లేదమ్మా?" అంది.

ఆ సాయంత్రం డబ్బా అడుగున మిగిలిన మైనంలో వెతికి ఐదు ముక్కలు ఏరి, ఐదు సీసాల్లో వేశాను. మర్నాడు మధ్యాహ్నానికి ఐదూ లేవు. ముక్క లేని సీసాలు మాత్రం ఏదో జబ్బు చేసినట్టు అలాగే కూర్చున్నాయి. మొన్నటిదాకా అవే పరుగెత్తేవి! ముక్క అనేది ఉంటుందని తెలియనంతవరకు ఎవరికీ అది అక్కర్లేదు. ఒక్కసారి కంటపడగానే, అది లేనిది కల్తీ అయిపోయింది.

నేను అబద్ధం ఆడలేదు నాగూ. పట్టులోంచి వచ్చిన తేనెలో పట్టుముక్క వేశాను, అంతే. సత్తుపల్లిలో ఒక దుకాణం, వేంసూరు దగ్గర ఇంకొకటి, ఇదే తేనె కావాలని అడిగాయి. ముక్కలు ఎక్కువ పంపగలవా? అగ్గిపెట్టెలో సగం ఉంటే చాలు. తెల్లగా ఉంటే బాగుంటుంది. నల్లటివి సీసాలో చచ్చిన పురుగుల్లా కనిపిస్తున్నాయి.

అబ్బాజాన్ ఇప్పుడు నవ్వడం లేదు. "నువ్వు నాకన్న పెద్ద సౌదాగర్‌వు అయితవు" అన్నారు. నలభై ఏళ్ల వ్యాపారంలో ఆయన అలాంటి మాట ఎవరి గురించీ అనలేదు.

నీ
నజియా


ఊట్లగుంపు,
ఏప్రిల్ 22

నజియా,

ఈ డబ్బా మీద అటుకుల గిన్నె కట్టాను చూడు. అందులో ముక్కలున్నాయి. లెక్కపెట్టలేదు, అరవై దాకా ఉంటాయి.

తెల్లముక్క దొరకడం తేలికనుకున్నావు. పట్టులో ఎక్కువ భాగం పాతది, నల్లగా ఉంటుంది, ఈగ పిల్లలు ఉండే చోటు. తెల్లటిది పైన కొమ్మకు ఆనుకుని ఉన్న కొత్త అంచులోనే ఉంటుంది. ఇదివరకు ముత్యాలు కత్తితో ఒక్క వేటు వేసి, పట్టును బుట్టలో పడేసి దిగివచ్చేవాడు. ఇప్పుడు కొమ్మ మీద కూర్చుని అంచు చెక్కుతున్నాడు, చెదరకుండా, నలగకుండా. ఒక్కో పట్టుకు రెండింతల సేపు పడుతోంది.

అయినా ఆయనకు ఇష్టంగానే ఉంది. నిజం చెబుతున్నాను. ఇన్నేళ్లూ ఆయన కోసింది ఎవరు తింటారో ఎప్పుడూ తెలియలేదు. డబ్బా బస్సెక్కితే అంతే. ఇప్పుడు చాప మీద ముక్కలు పరిచి, చిన్న కత్తితో అంచులు సరిచేస్తూ, "నా కోత సీసాల కనపడ్తదట" అంటాడు. పక్కింటివాళ్లను పిలిచి చూపించాడు. "మైనం తింటరా పట్నపోళ్లు?" అని అత్త అడిగితే, "తినరే అమ్మా, చూస్తరు" అన్నాడు.

వానలకు ముందే ఇంటికి రేకులు వేయించాలనుకుంటున్నాం. అవుతుందనే నమ్మకం వచ్చింది. అదంతా నీ దయ.

నాగలక్ష్మి


ఖమ్మం,
మే 9

నాగూ,

ముక్కలు చూసి నా కళ్లు చెమర్చాయి. అన్న చేతిలో అంత నైపుణ్యం ఉందని నాకు తెలియదు. ఒక సీసా అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టాను, ఎండ పడితే దీపంలా ఉంటుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

ఒక్క చిక్కు వచ్చింది. సత్తుపల్లి దుకాణం పన్నెండు సీసాలు వాపసు చేసింది. ముక్క నోట్లో పెట్టుకుంటే కాలిన వాసన వస్తోందట. కొన్నింటి మీద సన్నటి మసి చుక్కలు కూడా ఉన్నాయి. ముక్క లేనప్పుడు తేనెలో పొగవాసన ఉందని ఒక్కరూ అనలేదు. ఇన్నేళ్లూ ఇదే తేనె తిన్నారు. ఇప్పుడు కంటికి ముక్క కనబడుతోంది కాబట్టి దాన్ని నమిలి చూస్తున్నారు, నమిలి వంకలు వెతుకుతున్నారు.

పొగ లేకుండా కోయడం కుదురుతుందా? కనీసం తెల్ల అంచు కోసేటప్పుడైనా? నాకు ఆ పని తెలియదు, అన్నకే తెలుసు. కుదరదంటే వద్దు. కానీ కుదిరితే మన తేనెకు ఈ జిల్లాలో ఎదురుండదు. పొగ తగలని పట్టుముక్క అని చీటీ మీద అచ్చు వేయిస్తాను.

జల్దీ రాయి.

నీ
నజియా


ఊట్లగుంపు,
మే 18

నజియా,

పొగ తగ్గించాం. ముందు ఒక కట్ట అంటించి ఈగను పక్కకు పంపి, అది చల్లారాక అంచు కోస్తున్నాడు. రెండు పట్లు అలా కోశాం. ముక్కలు పంపుతున్నాను, వాసన చూడు.

చేతుల మీద కాట్లు పడ్డాయి, పెద్దవేం కావు. పసుపు రాశాను. నువ్వు కంగారుపడకు.

నాగలక్ష్మి


ఊట్లగుంపు,
జూన్ 4

నజియా,

ముత్యాలు చనిపోయాడు. మే 29న. జ్వరం వచ్చింది.

ఈ డబ్బాతో తేనె ఆఖరు. ముక్కలు గిన్నెలో ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి. పొగ వాసన లేదు.

నాగలక్ష్మి


ఖమ్మం,
జూన్ 12

నాగూ, నా నాగూ,

నీ ఉత్తరం గల్లా ముందు నిలబడి చదివాను. ఎదురుగా ఎవరో ఏదో అడుగుతున్నారు, నాకు వినబడలేదు. అబ్బాజాన్ నా ఊపిరి విని "ఏమైంది బేటీ" అన్నారు. చెప్పాను. ఆయన "షట్టర్ దించు" అన్నారు. అమ్మ పోయిన రోజు తప్ప ఆ దుకాణం మిట్టమధ్యాహ్నం మూసింది లేదు.

ఏ జ్వరం నాగూ? మలేరియానా? దవాఖానాకు తీసుకెళ్లారా? ముప్పై రెండేళ్ల మనిషి, చెట్టంత మనిషి, పది రోజుల ముందు నీ ఉత్తరంలో నడుస్తూ తిరుగుతూ ఉన్న మనిషి. నా మనసు ఒప్పుకోవడం లేదు.

వెంటనే బయలుదేరేదాన్ని. అబ్బాజాన్ కంటి ఆపరేషన్ పదిహేనున ఉంది, తోడు ఇంకెవరూ లేరు. ఆయన కోలుకోగానే వస్తాను. అంతవరకు ఈ మూటలో బియ్యం, పప్పు, రెండు చీరలు పెట్టాను. తేనె మాట ఎత్తకు. నువ్వు తిన్నావా, నిద్ర పోతున్నావా, అది రాయి చాలు.

నీ
నజియా


ఊట్లగుంపు,
ఆగస్టు 2

నజియా,

నువ్వు పంపినవి అందాయి. నీ మూడు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు.

ఇప్పుడు రావద్దు. వాగు పొంగింది, బస్సు ఇవతలకు రావడం లేదు. నేను ఆశ్రమ పాఠశాల వంటగదిలో పనికి కుదిరాను. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా కూరగాయలు తరగడమే. చేతులకు పని ఉంటే నయం. అత్త ఇంట్లోనే ఉంటుంది. రాత్రి అన్నం పెడితే సగం కంచంలో వదిలి, "వాడికి" అంటుంది. పక్కన పెడతాను.

మీ నాన్నకు చూపు వచ్చిందని రాశావు. సంతోషం. ఆయన నీ ముఖం సరిగా చూసి ఎన్నాళ్లయిందో.

జ్వరం గురించి మళ్లీ అడగకు.

నాగలక్ష్మి


ఖమ్మం,
సెప్టెంబర్ 20

నాగలక్ష్మికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

మీ ఊట్లగుంపులో పురుళ్లకూ జ్వరాలకూ మందులు తెచ్చి ఇచ్చే గంగక్క తన తల్లిని ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకొచ్చింది. నీ నోట నా పేరు వినివుంది కాబట్టి, దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. నీ సంగతులు అడుగుతూ, మాటల్లో, "ముత్యాలన్నకు వచ్చింది ఏం జ్వరమో మీకైనా తెలిసిందా?" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "జ్వరమేంది చెల్లే? చెట్టు మీంచి పడ్డడు. ఈగలు లేచినయ్. మొకం తెల్వకుండ కుట్టినయ్. జీపు మాట్లాడి తీస్కపోతాంటే తొవ్వలనే పాణం పోయింది" అంది.

"పొగ పెట్టలేదా అక్కా?" అన్నాను.

"అదే మాకు సమజ్ కాలే. తాతల కాలం సంది పొగ లేకుండ పట్టు ముట్టినోడు లేడు మా కాడ. ఎందుకు పెట్టలేదో ఏమో."

ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు. పొగనే మన మాట అని మీ మామ చెప్పిన సంగతి నువ్వు ఫిబ్రవరిలోనే రాశావు. ఆ ఉత్తరం నా పెట్టెలో ఉంది. అది చదివి, నవ్వుకుని, మేలో నా చేత్తో నేనే రాశాను, పొగ లేకుండా కుదురుతుందా అని. కుదరదంటే వద్దు అని కూడా రాశాను. ఇప్పుడు ఆ వాక్యం నాకు ఏ సాయమూ చేయడం లేదు. వద్దంటూనే, జిల్లాలో ఎదురుండదు అని ఆశ పెట్టిందీ నేనే. ఆయన కోత చూసి కొంటున్నారని ఎంత పొంగిపోయాడో నీ ఉత్తరంలో ఉంది. అలాంటి మనిషి కాదంటాడా?

ఇంకా ఉంది. దాచుకోను. జూన్‌లో నువ్వు పంపిన గిన్నెలోని ముక్కలు అమ్మేశాను. మూడు రోజుల్లో అయిపోయాయి. ఇంత మంచి ముక్కలు ఎప్పుడూ రాలేదని హేమలత టీచరు రెండు సీసాలు తీసుకెళ్లింది. అవి ఎలా వచ్చాయో తెలియక అమ్మాను. ఒక్కటి కూడా ఉంచుకోలేదు.

ఆ తర్వాత ముక్కల్లేవు. గొడవ చేస్తారనుకున్నాను. జనం రెండు రోజులు అడిగారు. "ముక్క లేదా?" అనేవారు. లేదనేదాన్ని. "అట్లనా" అని పక్కకు చూసేవారు. నేను అక్కడ అల్లంతో కలిపిన తేనె పెట్టాను, ఎర్రమూతది, వేరేచోటి నుంచి వచ్చింది. అది తీసుకున్నారు. హేమలత టీచరు కూడా. మొన్న వచ్చినప్పుడు ఆగలేక అడిగాను, "మేడం, ముక్కలున్న తేనె మీకు గుర్తుందా?" అని. కాసేపు ఆలోచించింది. "ఆ, ఉండె కదా. అందంగ ఉండె. అయినా ఆ మైనం ఎవరు తింటరమ్మా, నేనైతే తీసి పడేసేదాన్ని" అంది.

తీసి పడేసేది, నాగూ.

వాళ్ల మీద నాకు కోపం రావడం లేదు. వాళ్లు అడగలేదు. సీసాలో వేసి, వెలుతురులో పెట్టి, కావాలనిపించేలా చేసింది నేను. అంత పలచటి కోరిక అది. ఎర్రమూత చూడగానే పోయేంత పలచటిది. దాని కోసం అన్న అంత పైకి ఎక్కాడు.

ఆ రాత్రి అబ్బాజాన్‌కు అంతా చెప్పాను. నీ తప్పు లేదు అంటారేమోనని ఆశపడ్డాను. ఆయన కొత్త కళ్లతో నన్ను చూసి, "పోయి ఆ బిడ్డ ముంగట నిలబడు" అన్నారు.

నువ్వు జ్వరమని ఎందుకు రాశావో అర్థమైంది. నన్ను కాపాడావు. అది నేను భరించలేను. తిట్టు. ఏమైనా అను. రమ్మంటే వస్తాను, వద్దంటే నీ కంటపడను.

నజియా


ఊట్లగుంపు,
అక్టోబర్ 16

నజియా,

నిన్ను కాపాడడానికి జ్వరమని రాయలేదు. అంత మంచితనం నాలో లేదు. నువ్వు అలా అనుకోవడం చదివాక ఊరుకోలేకపోయాను.

ఆ రోజు జరిగింది రాస్తాను. ఇది గంగక్కకు తెలియదు. ఎవరికీ తెలియదు.

అది ఆ ఏటికి పెద్ద పట్టు. పొద్దున్నే వెళ్లాం. రెండు పొగకట్టలు కట్టుకున్నాం. ఒకటి అంటించి పైకి అందించాను. ఈగలు లేచి పక్కకొమ్మకు పోయాయి. అది చల్లారాక ఆయన తెల్ల అంచు చెక్కి బుట్టలో దించుతున్నాడు. బుట్ట నా చేతికొచ్చింది. అందులోకి చూశాను. ఎంత బాగున్నాయంటే, ఒక్క మసి చుక్క లేదు. ఇంకా సగం అంచు మిగిలి ఉంది.

గాలి తిరిగింది. పైనుంచి కేకేశాడు, "నాగీ, రెండో కట్ట అంటియ్యి, ఈగ మళ్లొస్తాంది" అని.

కట్ట నా చేతిలోనే ఉంది. అగ్గిపెట్టె కొంగుకు ఉంది. నేను అంటించలేదు. "కొంచెమే కద మిగిలింది. ఇప్పుడు పొగ పెడితే ముక్క కరాబైతది. జల్దీ కొయ్యి" అన్నాను.

ఆయన కిందికి చూశాడు. చిన్నగా నవ్వాడు. "సరే తియ్యి" అన్నాడు.

అంతే. ఆ తర్వాత గంగక్క చెప్పిందే.

పొగ లేకుండా కుదురుతుందా అని నువ్వు అడిగావు. నువ్వు ఖమ్మంలో ఉన్నావు, నీకు తెలియదు. ఆయన పొగ అడిగాడు. చెట్టు కింద ఉన్నది నేను. ఆరేళ్లు ఆయన పొగ కోసం నా చేతిని నమ్ముకునే చెట్టెక్కాడు. రేకులు వేయించాలి అనుకున్నాను. సత్తుపల్లి దుకాణం మళ్లీ వాపసు చేస్తుందేమో అనుకున్నాను. నేను ఆ ఊరు కూడా చూడలేదు. ఎవరో తెలియని మనుషులు ముఖం చిట్లిస్తారని, నా మనిషి పిలిస్తే వినలేదు.

ఆ ముక్కలు నీకెందుకు పంపానని అడగకు. ఇంట్లో ఉంచలేకపోయాను. పారేయలేకపోయాను. నీకు పంపితే నా చేతిలోంచి పోతాయనుకున్నాను. నువ్వు అమ్మావని రాస్తే నాకు కోపం రాలేదు. ఎవరో తీసి పారేశారని చదివినప్పుడు మాత్రం, కాగితం మడిచి బయటికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను.

నీ ఉత్తరం వచ్చాక అనుకున్నాను, అంత దూరంలో ఉన్న నజియా తన మాట ఒప్పుకుంటే, నేను ఆయన తల్లి కంచంలో అన్నం పెడుతూ నోరు మూసుకుని ఉన్నాను అని. అత్తకు చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. లేచి తన చాప చుట్టుకుని, మా మరిది ఇంటికి వెళ్లిపోయింది.

ఇవాళ్టికి పదకొండు రోజులు. పొద్దున పనికి పోయేముందు నీళ్లు మోసి ఆమె కుండలో పోసి వస్తున్నాను. ఆమె వాకిట్లోనే కూర్చుని ఉంటుంది. నన్ను రావద్దనలేదు, చూడనూ లేదు. ఒక్క మాట లేదు.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడానికి నాకు ఎవరూ మిగల్లేదు నజియా. నువ్వు క్షమించమని అడిగినా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, నాకే ఎవరూ ఇవ్వలేదు. వాగు తగ్గింది. బస్సు ఆదివారం, గురువారం మాత్రమే మా ఊరి దాకా వస్తుంది. గురువారం నేను వంటగదిలో ఉంటాను. ఆదివారం ఇంట్లోనే. నాకు ఏమీ తేకు.

ఈ ఉత్తరం ఇవాళ ఎందుకు రాయగలిగానో చెప్పి ఆపుతాను. పొద్దున నీళ్లు పోసి వెనక్కి తిరిగాను. నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక నుంచి అత్త గొంతు వినిపించింది.

"కుండ అడుగున నాచు పట్టింది. రేపు కడిగి పొయ్యి" అంది.

నాగలక్ష్మి